ఎడిసన్‌లో ఇల్లు అద్దెకిచ్చే ముందు

అద్దెల వ్యాపారం చేద్దామని అనుకుని న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఓనర్లయినవాళ్లు మన తెలుగువాళ్లలో తక్కువ. మొదట ఒక టౌన్‌హౌస్ కొంటారు. పిల్లలు పెద్దవుతారు, మన్రోలోనో సౌత్ బ్రన్స్‌విక్‌లోనో కొంచెం పెద్ద ఇల్లు కుదురుతుంది. తక్కువ వడ్డీకి తీసుకున్న పాత లోను వదులుకోబుద్ధి కాదు. లేదంటే డాలస్‌లో ఉద్యోగం వస్తుంది, ఎప్పటికైనా ఇటే తిరిగి వస్తామేమో అనిపిస్తుంది. ఉన్న ఇల్లు అమ్మడమెందుకు, అద్దెకిద్దాం అనుకుంటారు. న్యూయార్క్‌కు రైలు, ఓక్ ట్రీ రోడ్డులో మన దుకాణాలు, మంచి స్కూళ్లు ఉన్న ఊరు కాబట్టి అద్దెకు వచ్చేవాళ్లకు కొదవ లేదు. వాట్సాప్ గ్రూపులో నాలుగు ఫొటోలు పెడితే చాలు, సాయంత్రానికల్లా ఫోన్లు మొదలవుతాయి. స్నేహితుడి దగ్గరున్న లీజు కాపీలో పేర్లు మార్చి, డిపాజిట్ తమ ఖాతాలో వేయించుకుని, తాళాలు చేతిలో పెట్టేస్తారు.

ఇందులో చెడు ఉద్దేశం ఎక్కడా లేదు. అయినా ఆ కొద్ది రోజుల్లోనే వాళ్లు రెండు మూడు చట్టాలు దాటేసి ఉండవచ్చు. అద్దెకుండేవాళ్లకు గట్టి రక్షణలిచ్చిన రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఒకటి. వందల అపార్ట్‌మెంట్లున్న కంపెనీకి లాయరు ఉంటాడు, మేనేజరు ఉంటాడు, తేదీలు గుర్తుచేసే మనిషి ఉంటాడు. ఒక్క టౌన్‌హౌస్ ఉన్నవాళ్లకు వీళ్లెవరూ ఉండరు. చట్టం మాత్రం చాలా విషయాల్లో ఇద్దరినీ ఒకే గాటన కడుతుంది. కాబట్టి ఒక్క ఇల్లున్న ఓనరే చట్టం ఎక్కువ తెలుసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది 1974లో వచ్చిన యాంటీ ఎవిక్షన్ చట్టం. హైదరాబాదులోనో విజయవాడలోనో అద్దె ఒప్పందం అనగానే 11 నెలలు గుర్తొస్తుంది. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది కాబట్టి ఆ అలవాటు పుట్టింది. అగ్రిమెంటు గడువు అయిపోతే ఇల్లు ఖాళీ చేయాలన్న నమ్మకం కూడా దానితోపాటే మన మనసుల్లో స్థిరపడింది. న్యూజెర్సీలో ఆ లెక్క పనిచేయదు. లీజు గడువు తీరినా, అద్దె సరిగ్గా కడుతూ ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటున్న కుటుంబాన్ని ఆ ఒక్క కారణంతో పంపలేరు. కొత్త లీజు రాసుకోకపోతే పాతదే నెలవారీగా సాగుతుంది. ఖాళీ చేయించాలంటే చట్టంలో రాసిపెట్టిన కారణాల్లో ఒకటి ఉండాలి: అద్దె కట్టకపోవడం, పదేపదే ఆలస్యంగా కట్టడం, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించడం, కావాలనో తీవ్రమైన నిర్లక్ష్యంతోనో ఇల్లు పాడుచేయడం, లీజులోని సహేతుకమైన షరతులు మీరడం లాంటివి. వీటిలో చాలావాటికి ముందు ‘ఇది మానండి’ అని రాతపూర్వకంగా చెప్పాలి. మానకపోతేనే రెండో నోటీసు. ప్రతి నెలా పదో తారీఖు దాటాక అద్దె వస్తున్నా ఏడాది పాటు మొహమాటపడి ఏమీ రాయని ఓనరు, ఆఖరికి విసిగి కోర్టుకు వెళితే అక్కడ అడిగే మొదటి కాగితం ఆ నోటీసే.

‘నా ఇంట్లో నేను ఉండాలంటే?’ అన్నది న్యాయమైన ప్రశ్న. దానికి దారి ఉంది. మూడు వాటాలకు మించని ఇంటి ఓనరు తానే వచ్చి ఉండదలచుకున్నా, వచ్చి ఉండబోయే కొనుగోలుదారుకు ఖాళీ ఇల్లు అప్పగిస్తానని ఒప్పందం రాసుకున్నా, రెండు నెలల నోటీసుతో అడగవచ్చు. అయితే లీజు గడువు పూర్తయ్యేదాకా ఆగాలి. ఈ దారిని సాకుగా వాడుకుంటే శిక్ష బరువుగా ఉంటుంది. నేనే ఉంటానని పంపించేసి, కనీసం ఆరు నెలలైనా ఉండకుండా ఎక్కువ అద్దెకు ఇంకొకరిని దింపితే, వెళ్లిపోయినవాళ్లకు కలిగిన నష్టానికి మూడింతలు, లాయరు ఖర్చులతో సహా కట్టవలసి వస్తుంది.

ఈ చట్టానికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. ఓనరు అదే ఇంట్లో కాపురముంటూ రెండు వాటాలకు మించకుండా అద్దెకిస్తే ఇది వర్తించదు. కింది వాటాలో తామే ఉండి పైవాటా అద్దెకిచ్చినవాళ్లు లీజు ముగిశాక సరైన నోటీసుతో ఖాళీ చేయమనవచ్చు. వినకపోతే వాళ్లూ కోర్టుకే వెళ్లాలి. ఇక్కడే మనవాళ్లు గమనించని సంగతి ఒకటుంది. ఓనరు డాలస్‌కు మారిపోయి రెండు వాటాలూ అద్దెకిచ్చాక ఆ మినహాయింపును నమ్ముకోవడానికి లేదు. ఇల్లు అదే, అద్దెకున్న కుటుంబం అదే, లీజు కాగితమూ అదే. చట్టంలో వాళ్ల స్థానం మాత్రం మారిపోయింది.

డిపాజిట్ విషయంలో జరిగినన్ని తప్పులు మరెక్కడా జరగవు. నెలన్నర అద్దెకు మించి తీసుకోకూడదు. అద్దె 3,000 డాలర్లయితే డిపాజిట్ 4,500 దాటకూడదు. మొదటి నెల, చివరి నెల, పైన డిపాజిట్ అంటూ మూడు నెలల అద్దె ముందే తీసుకునే పద్ధతి చాలామందికి చిక్కు తెస్తుంది, ఎందుకంటే చివరి నెల కింద ముందుగా తీసుకున్నది కూడా డిపాజిట్ లెక్కలోకే వస్తుంది. ఆ డబ్బును సొంత డబ్బుతో కలపకూడదు. న్యూజెర్సీలోని బ్యాంకులో, వడ్డీ వచ్చే ఖాతాలో విడిగా వేయాలి. వేసిన 30 రోజుల్లోగా బ్యాంకు పేరు, చిరునామా, ఖాతా రకం, వడ్డీ రేటు, ఎంత వేశారో టెనెంటుకు రాసివ్వాలి. ఏటా వచ్చిన వడ్డీ వాళ్లది. చేతికివ్వాలి, లేదా అద్దెలో తగ్గించాలి. ఇవేవీ చేయకపోతే టెనెంటు ఒక ఉత్తరం రాసి, డిపాజిట్టును ఏడాదికి 7 శాతం వడ్డీతో అద్దెకింద జమ చేసుకోమనవచ్చు. అప్పుడు ఓనరు చేతిలో పూచీగా ఏమీ మిగలదు. ఓనరు అదే ఇంట్లో ఉంటూ రెండు వాటాలకు మించకుండా ఇచ్చినప్పుడు ఈ చట్టం దానంతటది వర్తించదు. కానీ టెనెంటు 30 రోజుల గడువుతో రాతపూర్వకంగా అడిగితే అక్కడా వర్తిస్తుంది.

ఇల్లు ఖాళీ చేశాక డిపాజిట్ తిరిగివ్వడానికి 30 రోజుల గడువు. కోతలుంటే ఒక్కొక్కటీ విడివిడిగా రాసి, మిగిలిన డబ్బుతో కలిపి పంపాలి. అన్యాయంగా 1,200 డాలర్లు పట్టుకున్నారని కోర్టు తేలిస్తే 2,400 ఇవ్వాల్సి వస్తుంది. లాయరు ఫీజు అదనంగా వేయవచ్చు. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు కోత పెట్టకూడదు. మన ఇళ్లలో తగాదా దాదాపు ప్రతిసారీ వంటింట్లోనే వస్తుంది. పొయ్యి వెనుక గోడకు పోపు జిడ్డు పడుతుంది, కౌంటరు మీద పసుపు మరకలు ఉంటాయి, గ్రైండరు పెట్టినచోట గీతలు పడతాయి. మూడేళ్ల కాపురంలో గోడ రంగు వెలిసిపోవడం అరుగుదలే. కౌంటరు రాయి బీటలు వారితే అది నష్టం. ఈ రెండింటి నడుమ ఉన్నదాని మీదే గొడవంతా. తాళాలిచ్చిన రోజు ఫొటోలు లేకపోతే, మూడేళ్ల కిందట ఆ కౌంటరు ఎలా ఉండేదో ఓనరు ఏ ఆధారంతో చెప్పగలరు? ఇల్లు అమ్మేసినా డిపాజిట్ బాధ్యత ఇంటితోపాటే నడుస్తుంది. పాత ఓనరు డబ్బు అప్పజెప్పినా అప్పజెప్పకపోయినా కొత్త ఓనరే జవాబుదారీ. అందుకని టెనెంట్లతో ఇల్లు కొనేవాళ్లు క్లోజింగ్ రోజున అడిగి తీసుకోవలసిన లెక్కల్లో ఇదొకటి.

మరమ్మతుల చట్టం ఎలా పుట్టిందో తెలిస్తే అది సులువుగా గుర్తుంటుంది. 1969 జూన్‌లో క్యామ్డెన్‌లో ఒక చిన్న అపార్ట్‌మెంటులో టాయిలెట్ పగిలి నీళ్లు నేలమీదికి కారుతున్నాయి. అద్దెకున్నామె ఓనరుకు చెప్పడానికి ఎన్నో విధాల ప్రయత్నించింది. ఫలితం లేక ప్లంబరును పిలిపించుకుంది. అతను 85 డాలర్ల 72 సెంట్లు తీసుకున్నాడు. నెల అద్దె 95 డాలర్లు. జూలై అద్దెకు ఆమె ప్లంబరు రసీదు జతచేసి 9 డాలర్ల 28 సెంట్ల చెక్కు పంపింది. అద్దె పూర్తిగా కట్టలేదని ఓనరు కోర్టుకెక్కాడు. 1970లో రాష్ట్ర సుప్రీంకోర్టు మరీని వర్సెస్ ఐర్లండ్ తీర్పులో ఆమె వాదనను ఒప్పుకుంది. ఇల్లు అద్దెకిచ్చామంటే అది కాపురానికి తగినట్టుగా ఉంచుతామని మాటిచ్చినట్టే. ఆ మాట లీజులో రాయకపోయినా ఉన్నట్టే. అత్యవసరమైన సౌకర్యం పాడైతే, ఓనరుకు తగిన కబురు, తగినంత సమయం ఇచ్చాక, టెనెంటు బాగుచేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. మూడేళ్లకు, 1973లో, బెర్జిటో వర్సెస్ గంబీనో తీర్పు ఇంకో అడుగు వేసింది. ఇల్లు బాగులేని కాలానికి కట్టిన అద్దెలో కొంత వెనక్కి రాబట్టుకోవచ్చని చెప్పింది.

జనవరి చలిలో ఫర్నేస్ ఆగిపోయి టెనెంటు మెసేజ్ పెడితే, ‘శనివారం వస్తాను’ అనడం వెనుక చాలాసార్లు కాంట్రాక్టరు ఖర్చు మిగుల్చుకుందామన్న ఆలోచనే ఉంటుంది. శనివారం దాకా గడిచే ఆ రోజులకు కోర్టులో కట్టే వెల ఫర్నేస్ బాగుచేయించే ఖర్చును దాటిపోవచ్చు. టౌన్‌షిప్‌కు ఫిర్యాదు చేశారన్న కోపంతో అద్దె పెంచినా, ఖాళీ చేయమన్నా అది ప్రతీకారం కిందికి వస్తుంది. దాన్ని నిషేధించే చట్టం 1970 నుంచే ఉంది.

టెనెంటు మధ్యలో వెళ్లిపోతే ఏమిటన్నది మరో ప్రశ్న. ఉద్యోగం పోయి, వీసా గడువు తరుముకొస్తుంటే లీజు మధ్యలో ఇండియాకు వెళ్లిపోయే కుటుంబాలు ఎడిసన్‌లో కొత్త కాదు. ‘మిగిలిన ఏడు నెలల అద్దె కట్టండి’ అని అడిగేముందు 1977 నాటి సోమర్ వర్సెస్ క్రిడెల్ తీర్పు చూడాలి. పెళ్లి చేసుకోబోతున్న ఒక కుర్రాడు హ్యాకెన్‌సాక్‌లో రెండేళ్లకు అపార్ట్‌మెంటు తీసుకున్నాడు. పెళ్లి ఆగిపోయింది. 1972 మేలో ఓనరుకు ఉత్తరం రాశాడు: నేను చదువుకుంటున్నాను, డబ్బు లేదు, ఇంట్లోకి రాలేను, ఇచ్చిన రెండు నెలల డబ్బు మీరే ఉంచుకోండి అని. ఓనరు జవాబివ్వలేదు. ఆ వాటా కోసమే అడుగుతూ వచ్చిన మరొకరికి కూడా ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఖాళీగా ఉంచి, అద్దెంతా ఆ కుర్రాడిమీద వేశాడు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మళ్లీ అద్దెకివ్వడానికి ఓనరు తగినంత ప్రయత్నం చేయాలని, చేశానని రుజువు చేసుకోవలసింది కూడా ఓనరేనని తేల్చింది. కాబట్టి ఇల్లు మధ్యలో ఖాళీ అయితే ప్రకటన పెట్టిన తేదీ, వచ్చి చూసినవాళ్లు, అడిగిన అద్దె రాసిపెట్టుకోవాలి.

ఎడిసన్ చుట్టుపక్కల నన్ను ఎక్కువగా కలవరపెట్టేది బేస్‌మెంటు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు చవగ్గా దొరుకుతుంది, ఓనరుకు లోనులో కొంత కలిసొస్తుంది. కానీ బయటికి వెళ్లే రెండో దారి లేకుండా, సరైన కిటికీ లేకుండా, టౌన్‌షిప్ అనుమతి లేకుండా కట్టిన గదిలో మంటలు లేస్తే లోపల పడుకున్నవాళ్ల ప్రాణాలకు దిక్కెవరు? డబ్బు సంగతి ఆ తరువాతది. అయినా అదీ చెప్పాలి: అక్రమ వాటా అని తేలి అధికారులు ఖాళీ చేయిస్తే, అక్కడున్నవాళ్లకు నెల అద్దెకు ఆరు రెట్లు ఇల్లు మారే ఖర్చుల కింద ఓనరు ఇవ్వాలి. నెలకు 1,200 డాలర్లకు ఇచ్చిన బేస్‌మెంటుకు అది 7,200 డాలర్లు. జరిమానాలు వేరే. ఇల్లంతా తన పేర లీజుకు తీసుకుని గదుల లెక్కన మిత్రులకిచ్చే కుర్రాడు కూడా, తెలియకుండానే, వాళ్లకు ఓనరు స్థానంలోకి వచ్చేస్తాడు.

కాగితాల పని గురించి త్వరగా చెబుతాను. ఓనరు కాపురముండని ఒకటి రెండు వాటాల ఇళ్లను మునిసిపల్ క్లర్కు దగ్గర నమోదు చేయించి, ఆ కాపీ టెనెంటుకివ్వాలి. ఓనరు ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్ కౌంటీలో ఉండకపోతే, నోటీసులు అందుకోవడానికి కౌంటీలోనే ఉండే ఒక మనిషి పేరు, చిరునామా అందులో రాయాలి. డాలస్‌కు వెళ్లినవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నమోదు లేకపోతే ఖాళీ చేయించే తీర్పు కోర్టు ఇవ్వదు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లందరికీ 5 లక్షల డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్సు ఉండాలని 2022లో చట్టం చేశారు. నాలుగు వాటాలకు మించకుండా, ఒకదానిలో ఓనరే ఉంటే 3 లక్షలు చాలు. ఆ సర్టిఫికెట్ ఏటా టౌన్‌షిప్‌కు ఇవ్వాలి. ఇవ్వకపోతే జరిమానా 500 నుంచి 5,000 డాలర్ల దాకా ఉంటుంది. 1978కి ముందు కట్టిన ఇళ్లయితే సీసం కలిసిన రంగుల తనిఖీ ఉంది. 2022 జూలైలో అమలులోకి వచ్చిన ఈ చట్టం మొదటి తనిఖీకి 2024 జూలై 22 గడువు పెట్టింది. ఒకటి రెండు వాటాల ఇళ్లలో కొత్తవాళ్లు దిగేముందు పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం, మంటలార్పే సిలిండరు ఉన్నాయని సర్టిఫికెట్ తీసుకోవాలి. 2021 సెప్టెంబరులో ఐడా తుఫాను ఈ ప్రాంతాన్ని ముంచిన సంగతి అందరికీ గుర్తే. 2024 మార్చి నుంచి ఇంటికి వరద ముప్పు ఉందో లేదో లీజు ముందే చెప్పడం తప్పనిసరి.

ప్రకటనల దగ్గర మనవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. ‘తెలుగువాళ్లకు మాత్రమే’, ‘ఇండియన్స్ ఓన్లీ’, ‘బ్యాచిలర్స్ వద్దు’ అని గ్రూపుల్లో రాయడం మామూలైపోయింది. పుట్టిన దేశం, మతం, జాతి, పెళ్లయిందా లేదా, పిల్లలున్నారా, ప్రభుత్వ అద్దె సాయంతో కడుతున్నారా అన్నవాటిని బట్టి కాదనడానికి న్యూజెర్సీ వివక్ష నిషేధ చట్టం ఒప్పుకోదు. శాకాహారం అన్న మాట ఆ జాబితాలో విడిగా లేదు. మతాన్నో పుట్టిన దేశాన్నో బట్టి వడపోయడానికి దాన్ని వాడుకున్నారని తేలితే మాత్రం చిక్కే. తామున్న ఇంట్లోనే ఒక గదో, రెండు వాటాల్లో రెండోదో ఇచ్చేవాళ్లకు కొన్ని మినహాయింపులున్నాయి. అలాంటివాళ్లకు కూడా ప్రకటనలో అలా రాసే హక్కును 1968 నాటి ఫెడరల్ చట్టం ఇవ్వదు. జాతిని బట్టి కాదనడాన్ని నిషేధించిన 1866 చట్టానికైతే మినహాయింపులే లేవు. మనలో చాలామంది ఈ దేశంలో మొదటి అద్దె ఇంటికోసం తిరిగినప్పుడు మనల్ని కాపాడినవి ఈ చట్టాలే.

ఇక ఖాళీ చేయించే దారి. తాళం మార్చడం, కరెంటో నీళ్లో ఆపడం, సామాను బయట పెట్టడం నేరం. అద్దె ఎన్ని నెలలు బాకీ ఉన్నా అంతే. న్యూ బ్రన్స్‌విక్‌లోని కౌంటీ కోర్టులో దావా వేసి, తీర్పు తెచ్చుకుని, వారంటు తీసుకుంటే, కోర్టు అధికారి మాత్రమే ఖాళీ చేయించగలడు. విచారణ రోజున బాకీ మొత్తం, కోర్టు ఖర్చులతో సహా కడితే కేసు అక్కడితో ముగుస్తుంది. తాళం పడ్డాక కూడా మూడు పనిదినాల్లోగా మొత్తం కడితే ఓనరు తీసుకోవాలి. ఇందులో ఎల్‌ఎల్‌సీ పెట్టుకున్నవాళ్లకు మరో మెలిక ఉంది. సొంత పేరున ఇల్లున్నవాళ్లు తామే కోర్టులో నిలబడి మాట్లాడుకోవచ్చు. ఇల్లు ఎల్‌ఎల్‌సీ పేరున ఉంటే లాయరు తప్పనిసరి, అది ఒక్కరి కంపెనీయే అయినా సరే. స్నేహితుల మాట విని ఎల్‌ఎల్‌సీ పెట్టేవాళ్లకు ఈ ఖర్చు ముందుగా ఎవరూ చెప్పరు.

చిన్న ఓనర్ల బాధ కూడా నిజమే. 2020 మార్చి 19న గవర్నరు ఉత్తర్వుతో ఖాళీ చేయించడాలు ఆగిపోయాయి. అద్దె రాక, లోను వాయిదా ఆగక నలిగిన కుటుంబాలు మనలో ఉన్నాయి. ఎన్నో ఇళ్ల కంపెనీకి ఒక వాటా అద్దె రాకపోయినా గడిచిపోతుంది, ఒకే ఇల్లున్నవాళ్లకు ఆ నెల వాయిదాయే ఆగిపోతుంది. చట్టం ఈ తేడాను ఇంకాస్త గుర్తించాలని అడగడం న్యాయమే. ఆ వాదన శాసనసభలో చేయాలి. టెనెంటు తలుపు దగ్గర చట్టం తెలియకుండా చేస్తే ఓడిపోయేది ఓనరే.

నేర్చుకోవడానికి దూరం వెళ్లక్కర్లేదు. రాష్ట్ర కమ్యూనిటీ వ్యవహారాల శాఖ ‘ట్రూత్ ఇన్ రెంటింగ్’ అనే చిన్న పుస్తకాన్ని ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉచితంగా ఇస్తుంది. రెండు వాటాలకు మించి అద్దెకిచ్చే ఓనర్లు దాన్ని టెనెంట్లకు పంచాలని చట్టమే ఉంది. ఒక్క ఇల్లున్నవాళ్లకు ఆ నియమం లేకపోయినా వాళ్లు చదవవలసిన పుస్తకం అదే. అద్దెకుండేవాళ్ల హక్కులమీద వివరంగా పుస్తకం వేసే లీగల్ సర్వీసెస్ ఆఫ్ న్యూజెర్సీ ఆఫీసు ఎడిసన్‌లోనే, మెట్రోప్లెక్స్ డ్రైవ్‌లో ఉంది. టెనెంటు చదివే పుస్తకాన్ని ఓనరు కూడా చదివితే రేపు కోర్టులో ఎదురయ్యే వాదనలన్నీ ఇవాళే ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. తెలుగులో ఇలాంటి పుస్తకం రావాలి. పన్నుల కాలంలో సీపీఏలను పిలిచి సభలు పెట్టే మన సంఘాలు, ఏడాదికొకసారి లీజులు ఎక్కువగా మారే వేసవికి ముందు, అద్దె కేసులు చూసే లాయరును, టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టరును పిలిచి ఒక పూట కూర్చోబెట్టాలి. ఓనర్లతోపాటు టెనెంట్లను కూడా ఆ సభకు పిలవాలి.